తల మీది కండువా

చీపురుపల్లిలో రోడ్డు పక్కన చేపలు అమ్ముతాను. ఆ ఉదయం నేను వెళ్లేసరికి, ట్రాఫిక్‌కు అడ్డమంటూ పోలీసులు అందరి గంపలూ వ్యాన్‌లోకి ఎత్తేస్తున్నారు. నా గంప లాగబోయిన కానిస్టేబుల్ నా తల చూసి ఆగిపోయాడు. గంప కింద చుట్టగా పెట్టుకున్నది మీటింగ్‌లో పంచిన అధికార పార్టీ కండువా.

"ఎమ్మెల్యేగారి మనుసులా? ముందే సెప్పొద్దా అమ్మా!" అన్నాడు.

కాదనడానికి నాకు నోరు రాలేదు. పక్కనే ఉన్న మా వదిన గంప మాత్రం వ్యాన్ ఎక్కింది.

"ఒసే, నాను నీ మనిసినని ఒక్క మాట సెప్పనేకపోయావేటే?" అంది వదిన.

ఆ కండువా ఇంకా ఇంట్లోనే ఉంది. పారేద్దామంటే పోలీసులు గుర్తొస్తారు. తలకు చుట్టుకుందామంటే వదిన గుర్తొస్తుంది.