ఎర్రపట్టీ చెట్లు

మేకు బాబాయికి ఆ పేరు ఊరికే రాలేదు. చెట్టు కొట్టే ముందు నలభై అడుగుల దూరంలో నేలలో ఒక మేకు పాతేవాడు. రంపం ఆగేసరికి చెట్టు తిన్నగా వెళ్ళి ఆ మేకు నెత్తిన కూర్చునేది. ముప్పై రెండేళ్ళలో గురి తప్పింది రెండుసార్లే. ఆ రెండూ గాలి చేసిన పనేనని ఆయన అనేవాడు, తోటివాళ్ళు నమ్మినట్టు తలూపేవాళ్ళు.

ఇంతలో కొత్త చట్టం వచ్చింది. రంపం పట్టాలంటే కార్డు ఉండాలి. కార్డు కావాలంటే రెండు రోజులు శిక్షణ క్లాసులో కూర్చోవాలి. వాగు ఒడ్డున ఏ చెట్లు వదలాలి, గూళ్ళున్న చెట్లను ఎలా కాపాడాలి, అన్నీ అక్కడ చెబుతారు. బడి మొహం సరిగ్గా చూడని బాబాయి తెగ సరదాపడ్డాడు. పిన్ని చొక్కా ఇస్త్రీ చేసి జేబులో కొత్త పెన్ను పెట్టింది.

పొద్దున్నే గుమ్మం ముందు కాంట్రాక్టరు జీపు ఆగింది.

"నీకు పాఠం చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు బాబాయ్! నువ్వు రెండు రోజులు లేకపోతే నా పని మూలపడుతుంది. క్లాసులో మా బామ్మర్ది కూర్చుంటాడులే."

"తప్పేమో బాబూ."

"కార్డు నీ పేరు మీదే వస్తుంది కదా!"

పొగిడితే పడిపోని మనిషెవడు? ఇస్త్రీ చొక్కాతోనే అడవికి వెళ్ళాడు. బామ్మర్ది వెనక బెంచీలో రెండు రోజులు కునుకు తీసి, భోజనాల వేళ మాత్రం మెలకువగా ఉండి, బాబాయి పేరున సంతకం గిలికి వచ్చాడు. కార్డు రాగానే పిన్ని దానికి తాడు కట్టి ఆయన మెడలో వేసింది.

మూడో నెలలో వాగు ఒడ్డున పని పడింది. అక్కడి చెట్లలో పద్నాలుగింటికి ఎర్రపట్టీలు వేసి ఉన్నాయి. ముప్పై రెండేళ్ళుగా ఎర్రపట్టీ అంటే కొట్టాల్సిన చెట్టు. కొత్త చట్టంలో ఎర్రపట్టీ అంటే ముట్టుకోకూడని చెట్టు. ఆ ముక్క రెండో రోజు మధ్యాహ్నం క్లాసులో చెప్పారు. బాబాయి ఆ పద్నాలుగు చెట్లనీ పడగొట్టాడు. పట్టీ లేనివాటి బెరడుకి గీత కూడా పడకుండా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మరీ పడగొట్టాడు. ఒకదాని తొర్రలోంచి మూడు గుడ్లగూబ పిల్లలు దొర్లాయి. అయ్యో అనుకుని, పట్టీ లేని చెట్టు తొర్రలో పెట్టాడు. అక్కడైతే క్షేమమట!

విచారణ గదిలో అధికారి ఫైలు తిప్పాడు. "శిక్షణ తీసుకున్నావు. తెలిసే కొట్టావు."

"నేను క్లాసుకి వెళ్ళలేదయ్యా."

"మరి ఈ సంతకం ఎవరిది? దొంగ సంతకమైతే అదింకో కేసు."

బాబాయి కాంట్రాక్టరు వైపు చూశాడు. ఆ పెద్దమనిషి ఫోను చూసుకుంటున్నాడు. బామ్మర్ది గోళ్ళు చూసుకుంటున్నాడు. థూ, ఏం మనుషులు! చట్టం ప్రకారం తప్పు రంపం పట్టినవాడిది. కార్డును అక్కడే కత్తెరతో రెండు ముక్కలు చేశారు. ఇక జన్మలో రంపం ముట్టకూడదు. కాంట్రాక్టరుకు హెచ్చరికతో సరి. దుంగలు వేలం వేస్తే కొనుక్కున్నదీ ఆయనే.

ఇప్పుడు బాబాయి ఆ శిక్షణ హాలు ఊడుస్తున్నాడు. పిన్ని ఆ చొక్కానే ఇస్త్రీ చేసి పంపుతుంది. నెలకో బ్యాచికి చెబుతుంటే వినీ వినీ పాఠమంతా ఆయనకు కంఠతా వచ్చేసింది. రెండో రోజు మధ్యాహ్నం తెర మీద పద్నాలుగు చెట్ల నరికిన మొదళ్ళు కనిపిస్తాయి.

"శిక్షణ పొంది కూడా ఇలా చేశాడొక ప్రబుద్ధుడు," అంటాడు మాస్టారు. హాలు ఘొల్లున నవ్వుతుంది. బాబాయి సిగ్గుతో చచ్చిపోతూ గోడవైపు తిరిగి ఊడుస్తాడు.

మొన్నటి బ్యాచిలో వెనక బెంచీ మీద బామ్మర్ది కునుకు తీస్తున్నాడు, ఇంకెవరి పేరు మీదో. బాబాయి చీపురు గోడకు ఆనించి వాడి భుజం తట్టాడు.

"లే బాబూ, ఇది ఒక్కటీ విను. ఎర్రపట్టీ సంగతి ఇప్పుడే చెబుతారు."

వాడు కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"టీ వచ్చిందా?"