మోరీ మీది తలుపు రెక్క

ఈ పొద్దున మా స్నానాలగది తలుపు ఊడి నా మీద పడింది. తలుపు మీద పడిందంటే దెబ్బ తగిలిందేమోనని కంగారుపడకండి. అది ప్లాస్టిక్ మడత తలుపు. పైన ఉన్న పట్టాలోంచి జారి, హార్మోనియం తిత్తిలాగా ముడుచుకుని, తడితడిగా నా భుజం మీద వాలింది. జగిత్యాలలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు జాగా కలిసొస్తుందని పెట్టించుకున్న తలుపు అది. దాని మడతల్లో ఏముంటుందో అంతవరకు నాకు తెలియదు. ఇన్నేళ్ల సబ్బు జిడ్డు, దానికి అంటుకున్న మా ఇంటిల్లిపాది వెంట్రుకలు, నల్లటి పాకుడు, ఒక మూలన కాళ్లు పైకెత్తి ఎండిపోయిన బొద్దింక. దాని మీసం నా మెడకు తగిలింది. రెండుసార్లు స్నానం చేసినా ఇంకా అక్కడేదో పాకుతున్నట్టే ఉంది.

"ఇగో, ఆ దరిద్రాన్ని ఇంట్లకు తేకుండ్రి. అటునించి అటే పారేసి రాండ్రి" అంది మా ఆవిడ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

పారేయబుద్ధి కాక బాగుచేయించడానికి దుకాణానికి తీసుకుపోయాను. దుకాణం అతను దాన్ని చేత్తో ముట్టుకోలేదు. చెప్పు మొనతో ఒకసారి కదిపి చూశాడు. "సార్, గిసోంటియి రిపేరు ఎవ్వలు చేస్తరు? పోతె పడేసుడే" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. బాగుచేయడానికి అందులో ఏమీ లేదు. బందులు లేవు, మర మేకులు లేవు, చెక్క లేదు. పుట్టడమే పారేయడం కోసం పుట్టిన వస్తువు. కానీ ఆ చెప్పు మొన చూడగానే నాకు వేరే తలుపు గుర్తొచ్చింది. దాన్ని నేను చెప్పు మొనతో కాదు, రెండు కాళ్లతో తొక్కాను, చాలా ఏళ్లు. ఆ తలుపు గురించి మా బంధువర్గంలో ఒక కథ తిరుగుతోంది. మా అన్న ఎంత పిసినారి అంటే, పాళ్లు పంచుకున్నప్పుడు ఇంటి తలుపును కూడా సగానికి సగం చేయించి తమ్ముడికి పంపాడని. పోయిన ఏడాది దాకా ఆ కథ చెప్పి నవ్వించింది నేను. తలుపు సగం చేయించింది కూడా నేనే.

కోరుట్లలో మా ఇల్లు చిన్నదే. ముందర ఒక అర్ర, వెనక ఒక అర్ర, రెంటికీ మధ్య నాలుగు రెక్కల టేకు తలుపు. రోజూ చివరి రెక్క ఒక్కటే తీసేవాళ్లం. ఎవరింట్లోనైనా శుభకార్యం ఉంటే మాత్రం నాలుగూ తెరుచుకునేవి. ఒక్కో జత దాని మీదికది ముడుచుకుని గోడకు ఆనుకునేది. అప్పుడు రెండు అర్రలూ ఒకటై వాడకట్టులో మాకంటే పెద్ద ఇల్లు లేనట్టుండేది. నిజానికి మాకంటే చిన్న ఇల్లు లేదు. అయినా ఎవరికి ఏ కార్యం ఉన్నా వచ్చి "తలుపు తీస్తరా?" అని అడిగేవారు. ఇల్లు ఇస్తారా అని ఎవరూ అనేవారు కాదు.

ఆ తలుపును మా బాపు పసిపిల్లలాగా సాకాడు. వానలు పడేముందు కుట్టుమిషను నూనె చుక్కచుక్కగా బందుల్లో పోసేవాడు. కొబ్బరినూనె పోయబోతే కేకలేసేవాడు, దుమ్ము పట్టి జిగటవుతుందని. ముసురులో చెక్క ఉబ్బి రెక్కలు ఒకదానికొకటి రాసుకుంటే అంచులకు కొవ్వొత్తి రుద్దేవాడు. అప్పటికీ వినకపోతే మా వాడకట్టు వడ్రంగి మిస్త్రీ చాచా వచ్చి చిత్రిక పట్టేవాడు. ఇక చెదల సంగతి మా అవ్వ, అంటే మా అమ్మ, చూసుకునేది. అవ్వ బీడీలు చేసేది. చాటలో అడుగున మిగిలిన తంబాకు పొడిని తలుపు కింది కడప పొడుగూతా చల్లేది. చెదలు వచ్చేవి కావు గానీ మనుషులకు తుమ్ములొచ్చేవి. బయలుదేరినవాళ్లు కడప దాటుతూ తుమ్మడం, అపశకునమని మళ్లీ వచ్చి కూర్చుని మంచినీళ్లు తాగడం, లేచి మళ్లీ తుమ్మడం. మా ఇంటికొచ్చిన చుట్టాలు అనుకున్న బస్సు ఎన్నడూ ఎక్కలేదు.

బాపు, అవ్వ పోయాక అన్నా నేనూ పాళ్లు పంచుకున్నాం. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పాళ్లు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వేసేవాడు మోసం చేయకుండా, కోరుకునేవాడు ఏడవకుండా పెట్టిన పద్ధతి. అన్న ఒక పాలుగా కోరుట్ల ఇల్లు పెట్టాడు. ఇంకో పాలుగా ఇబ్రహీంపట్నం దగ్గరి పొలం, జగిత్యాలలో జాగా పెట్టాడు. నేను పొలం వైపు కోరుకున్నాను. ఎవరు చూసినా నాదే మంచి పాలు. అన్న కావాలనే అలా వేశాడు. కూర్చున్న పెద్దమనుషులకూ ఆ సంగతి తెలుసు. ఒకాయన నా వీపు తట్టి, "మీ అన్న దేవుడు రా" అన్నాడు. అక్కడ చెడింది. నలుగురిలో అన్న దేవుడైతే నేనేమిటి? ప్రసాదం తినేవాడినా?

"ఇంట్ల సామాను సమంగ పంచుకున్నం గద. మరి తలుపో?" అన్నాను.

"తలుపు ఇంటిది గాదుర?" అన్నాడు ఆ పెద్దాయన.

"గోడ ఇంటిది. తెరిచి మూసేది సామానే."

ఈ మాట నేనే అన్నాను. అప్పటి నా గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. పెద్దాయన నెత్తి కొట్టుకుని, "గట్లయితే పొయ్యిల పొగ గూడ పంచుకోండ్రి" అన్నాడు. అన్న మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. "తలుపు మొత్తం నువ్వే తీస్కపో తమ్మీ" అన్నాడు.

అప్పుడు ఊరుకున్నా సరిపోయేది. మొత్తం తెచ్చుకున్నా అత్యాశపరుడిని అయ్యేవాణ్ని, అంతే. కానీ అన్న మళ్లీ దేవుడవుతాడు. "నాకు ఎవ్వని దానం వద్దు. న్యాయంగ వచ్చేది వస్తె చాలు. రెండు రెక్కలు నీకు, రెండు నాకు" అన్నాను. మిస్త్రీ చాచాను నేనే పిలుచుకొచ్చాను. చాచా ఒక్కో రెక్కనూ చేత్తో తడిమాడు. "తలుపైంది. గీ కడపను గూడ నడిమికి కొయ్యమంటవా బేటా?" అన్నాడు. నేను బందుల వైపు వేలు చూపిస్తే మర మేకులు తీయడం మొదలుపెట్టాడు. బాపు పోసిన నూనె వల్ల ఒక్క మేకూ మొండికేయలేదు. అన్నీ మెత్తగా తిరిగి వచ్చాయి.

సగం తలుపు దేనికి పనికొస్తుంది? అన్న ఇంట్లో మిగిలిన సగం దారికి వదినె పాత చీర కట్టింది. ఆ ఇంట్లో మళ్లీ ఎవరి కార్యమూ కాలేదు. జగిత్యాలలో నా పాలు రెక్కల్లో ఒకటి సజ్జ మీద పడింది. రెండోది పెరట్లో మోరీ మీద పడింది. అంట్ల నీళ్లు, స్నానాల నీళ్లు పోయే మోరీకి మూత కావాల్సి వచ్చింది, టేకు గట్టిగా ఉంటుంది కదా అని వేశాను. మా పెళ్లయిన కొత్తలో మా ఆవిడ దాన్ని చూసి, "గింత మంచి చెక్క మోరి మీద ఏసిండ్రేంది?" అని అడిగింది. సిగ్గేసి, "మా అన్న సగం చేసి పంపిండు, ఇంక దేనికి పనికస్తది" అన్నాను. అంతే. పక్కనే ఉన్న మా బామ్మర్ది పగలబడి నవ్వాడు. వాడి ద్వారా ఆ కథ పెగడపల్లి పోయింది, పెళ్లిళ్లలో భోజనాల బంతుల్లో తిరిగింది, మళ్లీ నా దగ్గరికే కొత్త అలంకారాలతో వచ్చింది. నేనూ కొన్ని చేర్చాను. అన్న చెవిన పడకుండా ఉంటుందా? కానీ అన్న ఎన్నడూ నన్ను అడగలేదు.

పోయిన ఏడాది అన్న ఫోన్ చేశాడు. బిడ్డకు సిరిసిల్ల సంబంధం కుదిరిందట. సంబంధం ఖాయం చేసుకునే పూలుపండ్ల కార్యం ఇంట్లోనే పెట్టుకుంటున్నారట. "ఫంక్షన్ హాలు వద్దంటుంది బిడ్డ. తాత తలుపు తెరిచి చేయాల్నంటది. నీ తాన ఆ రెండు రెక్కలున్నయా తమ్మీ?" అన్నాడు.

ఉన్నాయి అన్నాను. ఫోన్ పెట్టేసి పెరట్లోకి పోయాను.

మోరీ మీది రెక్కను తిరగేశాను. పైవైపు తొక్కి తొక్కి నున్నబడింది. అడుగువైపు చెక్క అనేది లేదు. నల్లటి గుజ్జు, అందులో తెల్లటి పురుగులు, ఎప్పటివో అన్నం మెతుకులు. ఒక బంది మాత్రం తుప్పులో కూరుకుని ఇంకా అంటుకునే ఉంది. బాపు నూనె పోసిన బంది. పుల్లతో గీకబోతే అంచు మొత్తం తడిసిన బిస్కెట్టులా విరిగి మోరీలో పడింది. ఆ కంపు నా చేతులకు వారం రోజులు పోలేదు. కంపు చెక్కది కాదని అప్పటికే నాకు అర్థమైంది. సజ్జ మీది రెక్కకు పావురాల రెట్ట, ఒక మూల చెదల మట్టి. అయినా అది బతికింది. కిరోసిన్‌తో తుడిచి, ఆటోలో వేసుకుని కోరుట్ల పోయాను.

మిస్త్రీ చాచా ఇప్పుడు ముసలాయనయ్యాడు. ఒక్క రెక్కను చూసి, "రెండోది?" అన్నాడు.

"మోరి తిన్నది చాచా."

"మోరి దానంతట అది తినదు బేటా, ఎవలో పెట్టాలె" అని కొత్త టేకు పలక తీశాడు. అన్న అక్కడే ఉన్నాడు. కొత్త రెక్క మిగతా మూడింటి పక్కన పచ్చిగా, పాలిపోయి, కట్టు విప్పిన చేయిలా ఉంది. రంగు వేయనా అని అడిగితే అన్న వద్దన్నాడు.

పూలుపండ్ల రోజు నాలుగు రెక్కలూ ముడుచుకుని గోడకు ఆనాయి. వదినె కడప మీద తంబాకు పొడి చల్లింది. సిరిసిల్ల వాళ్లు వరసగా తుమ్ముతూ లోపలికి వచ్చారు. అంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్య మా బామ్మర్ది గొంతు లేచింది.

"ఏం పెద్దబావ, తలుపు మల్ల అతికిచ్చినవా? గీసారి బిడ్డకో రెక్క, అల్లునికో రెక్క ఇచ్చి తోలుతవేమో!"

సిరిసిల్ల పెద్దమనిషి ఒకాయన, పిల్లవాడికి తండ్రి, అర్థంకాక అందరి ముఖాలూ చూశాడు. "ఏంది కథ?" అని అడిగాడు. బామ్మర్ది చెప్పడానికి సర్దుకుని కూర్చున్నాడు. మా అన్న పండ్ల పళ్లెం పట్టుకుని తల వంచుకున్నాడు. బిడ్డ లోపలినుంచి తండ్రినే చూస్తోంది. ఇన్నేళ్లూ ఆయన ఆ కథ వింటూ ఇలాగే తల వంచుకుని ఉంటాడని నాకు అప్పుడు తట్టింది. నా ఎదుట ఎన్నడూ వంచలేదు, అంతే.

"తలుపు సగం చేయించింది మా అన్న గాదు. నేను" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "మొత్తం తీస్కపొమ్మన్నడు. నేనే సగం కావాల్నన్న. తెచ్చుకోని మోరి మీద ఏసిన. గీ తెల్లరెక్క గందుకే."

బామ్మర్ది, "అరె, నువ్వే గద బావ నాకు చెప్పినవు" అన్నాడు పాపం. వాడు అబద్ధమాడలేదు. సిరిసిల్ల పెద్దమనిషి కొత్త రెక్కను చూశాడు, నన్ను చూశాడు. నన్ను చూసినప్పుడు ఆయన ముఖంలో కనిపించినదాన్ని పొద్దున దుకాణం అతని ముఖంలో మళ్లీ చూశాను. అన్న పళ్లెం కింద పెట్టకుండానే, "గిప్పుడు చెప్తె ఏమస్తది తమ్మీ, విన్న చెవులు విననియి గావు" అన్నాడు మెల్లగా. తర్వాత, "పా, బంతి పెట్టియ్యి, ఆలిశమైతంది" అన్నాడు. క్షమించాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ముఖమూ లేదు.

బిడ్డ పెళ్లయి సిరిసిల్ల పోయింది. వాడకట్టులో వాళ్లు మళ్లీ "తలుపు తీస్తరా?" అని వస్తున్నారట. వానలకు ముందనే కాదు, వీలైనప్పుడల్లా నేను కుట్టుమిషను నూనె పట్టుకుని కోరుట్ల పోతున్నాను. అన్న రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నేను బందుల్లో నూనె పోస్తుంటే ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటాడు. వచ్చిన ప్రతివాడూ ఆ తలుపు చూసి, "గీ ఒక్క రెక్క తెల్లగెందుకుంది?" అని అడుగుతాడు. అన్న పేపరు దించకుండా, "మా తమ్మున్ని అడుగు" అంటాడు. నేను నూనె సీసా పక్కన పెట్టి మొదటినుంచీ చెబుతాను. టేకు రంగు తిరగడానికి చాలా ఏళ్లు పడుతుందని చాచా అన్నాడు. తిరిగిన రోజున ఎవరూ అడగరు. ఆ రోజు తొందరగా రావాలని మొదట్లో అనుకునేవాణ్ని. ఇప్పుడు మాత్రం, ఆ చెక్క నల్లబడేలోపు వినాల్సినవాళ్లందరికీ చెప్పేంత కాలం నాకు మిగిలుందో లేదో అని చూసుకుంటున్నాను.