ఇంకా ఆరు డిగ్రీలు

నిన్న ల్యాబ్‌లో ఒక విద్యార్థిని హీటర్ ముందు నిలబడి విసుక్కుంది. ఎనభై డిగ్రీల దగ్గర ఆగమని పెడితే అది తొంభై దాకా పోయి, మళ్ళీ డెబ్భైకి జారి, ఊగిసలాడుతోందట. "దీనికి బుద్ధి లేదు మేడం" అంది. బుద్ధి ఉందమ్మా, కబురే దానికి ఆలస్యంగా అందుతోంది అన్నాను. విశాఖపట్నంలో పాలిటెక్నిక్ పిల్లలకు కంట్రోల్ సిస్టమ్స్ చెబుతూ చాలా ఏళ్ళయింది. ఈ మాట ఏటా చెబుతాను. చెప్పినప్పుడల్లా ముక్కుకు మాడిన బెల్లం వాసన తగులుతుంది. అది సిలబస్‌లో లేదు.

మా పెదనాన్నది చోడవరం దగ్గర పల్లె. చుట్టుపక్కల రైతులు చెరకు ఆడించుకుంటే ఆ రసం కాచి బెల్లం చేసేది ఆయనే. కింద పొయ్యి గోతిలో పెద్దమ్మ కూర్చుని ఎండిన చెరకుపిప్పి మంటలోకి ఎగదోసేది. పైన పెనం దగ్గర పీట మీద ఆయన. ఇద్దరి మధ్య మాటలుండేవి కావు. ఇంట్లోనూ అంతంతమాత్రమే అనుకోండి. తెడ్డుతో పెనం అంచు మీద ఒక దెబ్బ కొడితే పిప్పి వెయ్యమని, రెండు కొడితే ఆపమని. ఉన్నదాన్ని చూడటం, కావలసినదానితో పోల్చడం, తేడాను బట్టి మంటను దిద్దడం. నేను మొదటి పాఠంగా బోర్డు మీద గీసే బొమ్మ అంతా అక్కడే ఉంది. అయితే ఆయన రెండు దెబ్బలు ఎప్పుడూ ముందే పడేవి, పాకం ఇంకా పలచగా ఉండగానే. అదేమిటని అడిగితే, "పాకం వచ్చేక ఆపితే పాకం పోయినట్టేనే గుంటా. మనం సెప్పగానే నిప్పు సల్లారిపోద్దా?" అనేవారు.

ఒక ఏడు ఆయన కళ్ళకు శుక్లాలొచ్చాయి. ముసలాయనకు పాకం రంగు తెలియడం లేదని, రావికమతం నుంచి వేరే మనిషిని పిలిపిద్దామని రైతులు గుసగుసలు మొదలుపెట్టారు. ఆ పీట పోతే ఆయన మనిషిగా మిగలరని మా ఇంట్లో అందరికీ తెలుసు. నేనప్పుడే ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువు ముగించి, లోకంలో ప్రతిదానికీ ఒక మీటరు తగిలించాలన్న ఊపులో ఉన్నాను. ఆయన కళ్ళ బదులు నా మీటరు చూస్తుంది, పీట ఆయనకే ఉంటుంది అనుకున్నాను. మంచి ఉద్దేశమే, కాదనను. మందపాటి ఇనప గొట్టంలో వేడి కొలిచే తీగ పెట్టి పెనంలోకి దించాను. నూట పద్దెనిమిది డిగ్రీలు రాగానే మంట ఆపాలని లెక్క. ఈ ఒక్క పెనం నాకు వదిలెయ్యమంటే ఆయన తెడ్డు నా చేతికిచ్చి పక్కకు జరిగారు.

మీటరు నూట పన్నెండు చూపిస్తుండగా ఆయన గాలి గట్టిగా పీల్చారు. "వాసన మారతంది. ఆపించెయ్యే."

"ఇంకా ఆరు డిగ్రీలుంది పెదనాన్నా."

"నీ డబ్బా ఇప్పటి సంగతి సెప్తందా, ఇందాకటి సంగతి సెప్తందా?"

జవాబు లేనప్పుడు చదువుకున్నవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. బింకానికి పోయి ఒక దెబ్బ కొట్టాను, పెద్దమ్మ ఇంత పిప్పి ఎగదోసింది. నూట పద్దెనిమిది కనిపించగానే రెండు దెబ్బలు కొట్టాను కానీ అంకె ఆగలేదు. నూట ఇరవై, నూట ఇరవై అయిదు. గొట్టం వేడెక్కి మీటరుకు కబురు చెప్పేలోపే రసం ఆ మెట్టు దాటిపోయింది, పైగా పొయ్యిలో నిప్పు అలాగే ఉంది. పెనమంతా నల్లగా మాడిపోయింది.

వాసనకు ఆ పెనంలో రసం తాలూకు రైతు పరుగెత్తుకొచ్చాడు. "ఏటయ్యిందండీ?"

"నా కళ్ళదే తప్పు బాబూ. ఆనలేదు" అన్నారు పెదనాన్న.

నేను మీటరును చున్నీలో చుట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ గోతిలోంచి నా వంక చూసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. సిగ్గేసింది, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. రేపటికి పీట మీద రావికమతం మనిషి కూర్చున్నాడు.

చెప్పాను, మూడేళ్ళకు. ఆ రైతు చోడవరం బస్టాండులో కనిపిస్తే పక్కకు పిలిచి మరీ చెప్పాను. "అలాగేటమ్మా! అప్పుడే సెప్పలేకపోయేవా? ఇప్పుడా పొయ్యే పీకేసేం. సెరుకంతా ఫేక్టరీకే తోలేస్తన్నాం" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం పెదనాన్న అరుగు మీద ఉన్నారు. కళ్ళ ఆపరేషన్ అయ్యాక రోడ్డు మీద పోయే ఆటో నంబర్లు కూడా చదివేస్తున్నారు. ఇక కాచడానికే ఏమీ లేదు. రైతుతో నిజం చెప్పానని ఏడుస్తూ ఆయనకు చెబుతుంటే, మాట సగంలో ఉండగానే ఆయన వేళ్ళతో అరుగు అంచు మీద రెండుసార్లు కొట్టారు. నేను ఆపేశాను. తప్పును దిద్దడానికి ఒక సమయం ఉంటుంది, అది దాటాక చేరే నిజం వట్టి కబురు.