మా కెప్టెనమ్మ చీలమండ

జెద్దాలో నర్సు ఉద్యోగం వెలగబెడుతున్న ఆ రోజుల్లో నా గొంతు ఎలా ఉంటుందో నేనే మరిచిపోయానంటే నమ్మండి. వార్డులో గుసగుసగా మాట్లాడాలి. హాస్టల్లో నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్ళు పడుకుని ఉంటారు కాబట్టి అక్కడా గుసగుసే. హాస్టల్ నుంచి ఆస్పత్రికి బస్సు, ఆస్పత్రి నుంచి హాస్టల్‌కి బస్సు, ఆ బస్సు కిటికీలకి పరదాలు. వారానికోసారి బజారుకి తీసుకెళ్ళినా ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా తగిలించుకుని, ధరలడిగి, మెల్లిగా వచ్చెయ్యడమే. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో వీధి ఈ చివర నించుని ఆ చివరున్న మా పిన్నిని కేకేసి పిలిచిన దాన్నండీ నేను! (మా నాన్న అయితే ‘దీన్ని మీటింగులకి పంపిస్తే మైకు అద్దె మిగులుద్ది’ అనేవాడు.) అలాంటి దాన్ని, ఎప్పుడైనా ఖాళీ గదిలో తుమ్మితే నా తుమ్ముకి నేనే ఉలిక్కిపడే స్థితికొచ్చాను. ఆ కాలం మాటొస్తే ఇప్పుడు జనం అడుగుతారు, ఎండ గురించి, ఇసక గురించి, బంగారం గురించి. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది బాస్కెట్‌బాలు.

బాస్కెట్‌బాలుకీ నాకూ ఏం చుట్టరికం అంటారా? ఏమీ లేదు. మా నర్సింగ్ స్కూల్లో ఆవరణ మధ్య ఒక బాస్కెట్‌బాల్ స్తంభం ఉండేది. దానికీ జామచెట్టుకీ తాడు కట్టి మేమంతా యూనిఫారాలు ఆరేసుకునేవాళ్ళం. పైనున్న ఆ రింగు ఎందుకో నాకు చాలాకాలం తెలీదు. తెలిసినా నా ఎత్తు చూసి ఆడమని అడిగే ధైర్యం ఎవరికుంది? మరి జెద్దాలో ఏమైందంటే, ఒక గురువారం పొద్దున్నే మా మేట్రన్ పిలిచింది. (అప్పట్లో అక్కడ సెలవులు గురు, శుక్రవారాలు.) ఊళ్ళో ఒక ఆడపిల్లల కాలేజీ ఉందట, ఆ పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడతారట, ఎవరైనా పడితే చూడ్డానికి ఒక నర్సు కావాలట. సెలవు రోజు పోగొట్టుకోడానికి ఎవరూ ఒప్పుకోక నా మెడకి తగిలించింది. సముద్రం పక్క రోడ్డు మీద పోతుంది కదా బస్సు, ఆ గాలైనా తగుల్తుందిలే అని ఏడుపు మొహంతోనే బయల్దేరాను.

గేటు దగ్గర ఒకావిడ కూర్చుని అందరి ఫోన్లూ తీసి డబ్బాలో వేసుకుంటోంది, ఎవరూ ఫోటోలు తియ్యకుండా. లోపల హాలు కిటికీలకి పైదాకా కాయితాలు అంటించేశారు. మగపురుగు లేదు. వరసగా కొక్కేలకి అబాయాలు తగిలించేసి, పొడుగు పంట్లాలూ బనియన్లూ వేసుకున్న ఆడపిల్లలు బంతి పట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నారు. చూసేవాళ్ళంతా తల్లులూ, చెల్లెళ్ళూ, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళూ. ఇంతా కలిపి ఒక పెళ్ళి పందిరిలో సగం కూడా ఉండరు, కానీ ఆ అరుపులు! అబ్బ, ఆ అరుపులు విని నా ఒళ్ళు జల్లుమంది. ఇక్కడ అరవొచ్చన్నమాట అనుకున్నాను. అంతే, మన కాలేజీ ఏది, వాళ్ళ కాలేజీ ఏది అని ఎవర్నో అడిగి, రంగు గుర్తుపెట్టుకుని, మొదలెట్టాను. తెలుగులో. నా తెలుగు ఇక్కడ ఎవరికి అర్థమౌతుందిలే అన్న ధీమా ఒకటి. అందరికంటే పొడుగ్గా ఉన్న ఒక పిల్ల (తర్వాత తెలిసింది, ఆ పిల్లే కెప్టెన్ అని) బంతి చేతిలో పెట్టుకుని ఎవరికీ ఇవ్వకుండా గుండ్రంగా తిరుగుతోంటే నాకు ఒళ్ళు మండి, ‘ఒసే గాడిదా, బంతి వదలవే! నీ పెళ్ళికి దాచుకుంటావా?’ అని గొంతు చించుకుని అరిచాను.

ఆ పిల్ల బంతి వదిలేసింది. ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగి, ‘ఎవుర్మే గాడిద?’ అంది.

జెద్దాలో పుట్టిపెరిగిన సౌదీ పిల్లండీ! భూమి చీల్చుకుని పోదామంటే కింద సిమెంటు. ఈలోగా అవతలి జట్టు పిల్లలు ఆ బంతి ఎత్తుకుపోయి చక్కగా బాస్కెట్ వేసుకున్నారు. నా పక్క బెంచీలో ఒకావిడ చీర కొంగు... కాదు కాదు, అక్కడ చీరెక్కడిది, తలగుడ్డ నోట్లో కుక్కుకుని పడీ పడీ నవ్వుతోంది. ఆవిడది రాయచోటి. ఆ కెప్టెన్ ఇంట్లో పనిమనిషి. ‘నేనే సాకినా సిస్టరమ్మా ఆ పిల్లని. అన్నం తినిపిచ్చేటప్పుడు నాకు అరబ్బీ యాడ వచ్చు? మన మాటలే చెప్తా తినిపిస్తి, అదీ నేర్చుకునె. తిట్లయితే నాకంటే బాగొస్తాయి’ అంది గర్వంగా. ఆట అయ్యాక ఆ పిల్ల చెమటలు కక్కుతూ నా దగ్గరికొచ్చింది. నేను క్షమాపణ చెప్పుకుందామని లేచేసరికి, ‘మళ్ళా వచ్చేవారం వస్తావా అక్కా? నువ్వు అరస్తాంటే ఇల్లు మాదిరి ఉండాది’ అంది. ఇక ఆగుతానా నేను!

అలా మొదలైంది నా భక్తి. మేట్రన్‌ని బతిమాలి ఆ గురువారాలన్నీ నాకే వేయించుకున్నాను. అందుకోసం ఎన్ని నైట్ డ్యూటీలు మార్చుకున్నానో, హాస్టల్లో ఎంతమందికి చేపల పులుసు వండిపెట్టానో దేవుడికే తెలుసు. రూములో వాళ్ళు ‘ఏంటే, కాలేజీలో చేరావా?’ అని ఏడిపించేవాళ్ళు. ఆట గురించి నా పరిజ్ఞానం అంతంతమాత్రమే అనుకోండి. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయని నాకెవరూ చెప్పలేదు. మా పిల్లలు మా రింగులోనే బంతి వేసేసుకుంటున్నారని గుండెలు బాదుకుని, ‘అటు కాదే, ఇటు! ఇటు తల్లీ!’ అని లేచి నించుంటే, రాయచోటి అక్క నన్ను పట్టుకు కూలేసి, ‘కూచో మే, పరువు తీస్తాండావు’ అంది. ఆవిడకీ నాకంటే ఎక్కువేం తెలీదు, కానీ ముందునుంచీ చూస్తోంది కదా, సీనియారిటీ. మా పిల్లల పేర్లు, ఎవరు కుడిచెయ్యి, ఎవరు ఎడంచెయ్యి, ఎవరికి ఆటకి ముందు కడుపునొప్పి వస్తుంది, అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మ ‘ఒంట్లో బాగుందా?’ అంటే ‘నిన్న గెలిచామమ్మా’ అని చెప్పేదాన్ని. ఆవిడ పాపం ‘దేవుడి దయ’ అనేది.

ఆ ఏడాది మా వాళ్ళు ఫైనల్‌కి వచ్చారు. ఫైనల్ అంటే పేపర్లో పడేదీ కాదు, బయట గోడ మీద కాయితం అంటించేదీ కాదు. వాళ్ళూ వాళ్ళూ అనుకుని ఆడుకునే నాలుగు కాలేజీల పోటీ. అయినా మాకు అదే ప్రపంచం. పైగా రాయచోటి అక్క ఒక మాట చెప్పింది, అది విన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించలేదు. మా కెప్టెనమ్మకి పెళ్ళి కుదిరిందట. పెళ్ళికొడుకుది ఎక్కడో ఉత్తరాన ఉన్న తబూక్‌లో ఉద్యోగం. పరీక్షలు కాగానే పెళ్ళి, పెళ్ళి కాగానే ప్రయాణం. ‘ఆడ ఈ ఆట లేదంట సిస్టరమ్మా. ఇదే కడాకరు’ అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఇదే ఆఖరన్న మాట దేవుడు కూడా విన్నట్టున్నాడు, ఫైనల్‌కి కొద్ది రోజుల ముందు ప్రాక్టీసులో ఆ పిల్ల దూకి దిగుతూ కాలు మడతేసుకుంది. చీలమండ బూరె పొంగినట్టు పొంగింది. మా ఆస్పత్రికే తీసుకొచ్చారు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు గానీ లిగమెంట్ బాగా సాగింది, నెల రోజులు ఆట మాటెత్తొద్దన్నాడు డాక్టరు. కట్టు కట్టింది నేనే. కడుతున్నంతసేపూ ఆ పిల్ల నావంక కాకుండా గోడవంక చూసింది.

ఫైనల్ రోజు నేను వెళ్ళేసరికి ఆ పిల్ల ఆట బట్టలేసుకుని, బూటు బిగించి కట్టుకుని, హాల్లో చిందులేస్తోంది. నన్ను చూసి చిందులు ఇంకాస్త పెంచింది. ఆటల టీచరు (లెబనాన్ ఆవిడ, మాటంటే మాటే) నన్ను పక్కకి పిలిచి, ‘తగ్గిపోయిందంటోంది. నాకు నమ్మకం లేదు. నువ్వు చూసి సరే అంటే ఆడిస్తాను, వద్దంటే లేదు’ అంది ఇంగ్లీషులో. చూశారా, డాక్టర్లూ టీచర్లూ పెద్దలూ ఇంతమంది ఉండగా, తీర్పు చెప్పాల్సింది నేను! బట్టలు మార్చుకునే గదిలో ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టాను. చుట్టూ జట్టంతా నించుంది. వాళ్ళకి తెలీకుండా ఉండాలని తెలుగులో మొదలెట్టింది. ‘బాగుండాదని చెప్పక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా.’

‘నా కాళ్ళు నువ్వు పట్టుకోడం కాదే, నీ కాలు చూపించు ముందు’ అన్నాను.

బూటు విప్పించాను. మేజోడు కింద ఇంత మందాన గుడ్డ చుట్టేసుకుంది. అది రాయచోటి అక్క చేతిపనని చూడగానే తెలిసింది, ఎందుకంటే అది చిరిగిన తలగుడ్డ. బొటనవేలితో అసలు చోటు నొక్కాను. ‘నొప్పి లేదు’ అంది ఆ పిల్ల, నవ్వుతూనే. పెదాలు నవ్వుతున్నాయి, కాలి వేళ్ళు ముడుచుకుపోయాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ‘ఒంటికాలి మీద గెంతు’ అన్నాను. గెంతింది. రెండోసారి గెంతలేక నా భుజం పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నా భుజానికి తెలుసు. నిజం చెప్తున్నాను, నాకు ఆ క్షణంలో ‘సరే’ అనాలని నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల లేకుండా మేం గెలవం. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడూ ఆడదు. నేను ఇన్ని గురువారాలు గొంతు చించుకుంది దేనికి? కానీ ఆ కాలు మళ్ళీ అలాగే మడతపడితే జన్మంతా కుంటుతుందని నా చేతికి తెలుసు. టీచరు వంక తిరిగి ‘నో’ అన్నాను. అన్నాక నా గొంతు నాకే పరాయిదానిలా వినపడింది.

రాయచోటి అక్క నామీదకి లేచింది. ‘ఒక్క దినం ఆడుకుంటే నీదేం పోతాది మే? రేపు ఆ తబూక్‌లో ఆ కాలుతో ఏం చేసుకుంటాది, వంటగదిలో తిరిగేదానికేగా?’ ‘తిరగనీ అక్కా, నొప్పి లేకుండా తిరగనీ’ అన్నాను. ఆవిడ మొహం తిప్పుకుంది. కెప్టెనమ్మ కుర్చీ మీద కాలు చాపుకుని, తల కిందికేసుకుని నా పక్కనే కూర్చుంది, ఎందుకంటే గాయపడ్డవాళ్ళు నర్సు పక్కనే కూర్చోవాలని అక్కడ పద్ధతి. ఆట మొదలైంది. నేను అరవలేదు. అరిచే మొహం నాకెక్కడిది? మా ముగ్గురి బెంచీ చావు ఇల్లులా ఉంది. మా పిల్లలు కెప్టెన్ లేక బిక్కచచ్చి ఆడుతున్నారు. కెప్టెన్ బదులు దిగిన కళ్ళద్దాల పిల్లయితే బంతి వస్తోంటే కళ్ళు మూసుకుంటోంది.

ఇంతలో పొద్దుగూకి మగ్రిబ్ నమాజు బాంగు వినపడింది. ఆట ఆపేశారు, పిల్లలంతా ఒక మూలకెళ్ళి వరసగా నమాజుకి నించున్నారు. కెప్టెనమ్మ బెంచీ మీదే కూర్చుని చేసుకుంది. అందులో దేవుణ్ణి ఏమడిగిందో ఏమో గానీ, ఆట మళ్ళీ మొదలవగానే ఆ కళ్ళద్దాల పిల్ల చేతిలోకి బంతి రావడం, అది గుండ్రంగా తిరగడం, మా కెప్టెనమ్మ బెంచీ మీంచి లేవబోయి, లేవలేక, ‘ఒసే గాడిదా, వదలవే! నీ పెళ్ళికి దాచుకుంటావా?’ అని హాలు దద్దరిల్లేలా అరవడం! ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ భయపడి వదిలేసింది. బంతి సరిగ్గా రింగులో పడింది. అంతే. రాయచోటి అక్క ఒక వైపు, నేను ఒక వైపు, మధ్యలో కెప్టెనమ్మ. ముగ్గురం ఏం అరిచామో తెలీదు. కడప జిల్లా తిట్లూ గోదావరి తిట్లూ కలిసిపోయాయి. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. ‘ఈడ కూచోని చూసేది ఇంత కష్టమా అక్కా!’ అని కూడా అంది, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. మా వాళ్ళు అందుకున్నారు, సమానం చేశారు, ఇంకొక్కటి వేస్తే చాలు. ఆఖరి బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి, మమ్మల్నందర్నీ నించోబెట్టి, బయట పడింది. అవతలివాళ్ళు దాన్ని పట్టుకుపోయి వేసేశారు. ఓడిపోయాం.

కెప్టెనమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. (ఏడ్చింది రాయచోటి అక్క. ఏడుస్తూనే నాకు ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది, అంటే కోపం పోయినట్టే.) అబాయాలు వేసుకుని అందరూ వెళ్ళిపోతున్నారు. కెప్టెనమ్మ అక్క భుజం పట్టుకుని గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ‘నువ్వు నర్సువి కాకుంటే ఎంత బాగుండు కదక్కా’ అంది. కోపంగా కాదు. చాలా ప్రేమగానే అంది, అదే బాధ.

‘నాకూ అట్లాగే అనిపించిందమ్మా’ అన్నాను.

ఆ తర్వాత నేను కాలేజీకి వెళ్ళలేదు, వేరే నర్సుని పంపారు. కొన్నాళ్ళకి రాయచోటి అక్క ఒకసారి ఫోన్ చేసింది. పాప తబూక్‌లో బాగుందట, కాలు కూడా శుభ్రంగా ఉందట. అంతే, ఆ తర్వాత ఎవరి నంబర్లు వాళ్ళవి మారిపోయాయి. చూసుకుందామంటే ఒక్క ఫోటో లేదు. ఇప్పుడు పాలకొల్లులో ఉంటున్నాను, మోకాళ్ళ నొప్పులు నాకే వచ్చాయి. మధ్యాహ్నం పూట చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంటానా, ఎక్కడినుంచో ఆ హాలు వచ్చేస్తుంది. టీచరు మళ్ళీ అడుగుతుంది. ఈసారి నేను ‘సరే, వెళ్ళనీ’ అనేస్తాను. ఆ పిల్ల ఒక్క ఉరుకు ఉరుకుతుంది చూడండి! బంతి పట్టుకుని, అందర్నీ తప్పించుకుని, గాల్లోకి లేస్తుంది. నేను ‘మెల్లిగా దిగు తల్లీ, కాలు జాగ్రత్త’ అని పైకే అనేస్తాను. మా ఆయన పేపరు దించి, ‘ఏవిటే, ఎవరితో?’ అంటారు.

‘ఏం లేదండీ, గెలిచాం’ అంటాను.