ఇంజన్ పక్క గది

ఓడ ప్రయాణం అనే మాట మా ఇంట్లో మొదట ఎత్తింది పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా అమ్మాయి. "అందరం కల్సి క్రూయిజ్ పోదామే అమ్మా" అంది. అందరం అంటే జగిత్యాలలో మేం ముగ్గురం, కోరుట్లలో అక్క, బావ, వాళ్ల పద్నాలుగేళ్ల కొడుకు, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా అన్న, వదిన. నేను వెంటనే సరే అన్నాను. సముద్రం మీద ప్రేమతో కాదు, అన్న మీద కోపంతో.

నాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఇన్నేళ్లలో అన్న మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. పండగ కానీ, పుట్టినరోజు కానీ, తిని చెయ్యి కడుక్కోగానే "మగ్గాల కాడ పనున్నది చెల్లె" అని బస్సెక్కేస్తాడు. అక్క ఇంట్లోనూ అదే వరస. అక్క పట్టించుకోదు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఓడైతే మధ్యలో దిగి పారిపోవడానికి బస్టాండు ఉండదు కదా అనుకున్నాను. అన్న రాకపోతే నేనూ వెళ్లనని ముందే తెగేసి చెప్పాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కోరుట్లలో అక్క ఇంట్లో అందరం కూర్చున్నాం. జగిత్యాలలో టికెట్లు బుక్ చేసే ఆయనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. మా అక్క జన్మలో బుక్ చేసినవి ఫంక్షన్ హాళ్లే. ఆ అనుభవమంతా ఓడ మీద పెట్టింది.

"సార్, వంటోళ్లను మేమే తెచ్చుకుంటే ఒప్పుకుంటరా?"

"వద్దమ్మా, తిండి వాళ్లదే."

"కరెంటు పోతె జనరేటరున్నదా? నీళ్లకు ఇబ్బంది లేదు కదా?"

"అమ్మా, సుట్టూ నీళ్లేనమ్మా."

"నేను తాగేటియి అడుగుతున్న" అంది అక్క, ఆయనకే తెలివి లేదన్నట్టు.

పిల్లల గోల వేరు. గోవా దాకా పోయే రెండు రోజుల ఓడ చాలన్నాడు బావ. దాంట్లో జారుడుబండ లేదని మా అమ్మాయి మూతి ముడిచింది. లక్షద్వీపాల దాకా పోయే నాలుగు రోజుల ఓడలో అది ఉందట, పైగా గదికో బాల్కనీ. అక్క కొడుక్కి ఇవేవీ అక్కర్లేదు. "వైఫై లేకుంటే నేను ఒడ్డు మీదనే ఉంట" అన్నాడు. ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. వాళ్ల గది మా అంతస్తులో ఉండకూడదు. "ఎక్కడ పండుకున్నా ఓడ ఒక్కటే కదరా!" అని బావ నెత్తి కొట్టుకున్నాడు.

చివరికి లక్షద్వీపాల ఓడకే మొగ్గాం. అక్కడొక చిక్కు వచ్చింది. మాకు నాలుగు గదులు కావాలి. బాల్కనీ గదులు మూడే మిగిలాయి. నాలుగోది అట్టడుగున, ఇంజన్ పక్కన. పిల్లల గదిలో పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలట, అదొక రూలు. ఇంజన్ పక్కకు ఎవరు పోవాలో తేలక అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

అన్న ఇంతసేపూ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ఫోన్లో ఓడ ఫొటోలను పెద్దవి చేసి పరుపు మీది దుప్పటిని చూస్తున్నాడు. "నేత పలుచగున్నది" అన్నాడు. తర్వాత తాపీగా, "మీరు పోయి రండ్రి. నాకు మగ్గాల కాడ పనున్నది" అన్నాడు.

ఇక నా నోరు ఆగలేదు. "మగ్గాలతోని పెండ్లయిందా అన్నా నీకు? మా ఇంట్ల పండుకుంటె ముండ్లు గుచ్చుతయా? పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న!"

అన్న తల వంచుకున్నాడు. జవాబు వదిన చెప్పింది. "ముండ్లు లేవు, సప్పుడు లేదు. మగ్గం సప్పుడు ఇనవడకుంటే ఈయనకు నిద్ర వట్టది. మా కాడ కరెంటు వోయి మగ్గాలు ఆగితె వాడకట్టంత లేసి కూసుంటది. మీ పెండ్లప్పుడు విడిదింట్ల తెల్లారేదాక కండ్లు తెర్సుకొనే ఉన్నడు. చెప్పుకోను సిగ్గు."

పద్దెనిమిదేళ్లు నేను వేసిన నిందలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అప్పుడే ఫోన్ దగ్గింది. మేం దాన్ని కట్ చేయడం మరిచిపోయాం.

"అమ్మా, గా కింది రూముల సప్పుడు ఎట్లుంటదో వీడియో ఉన్నది, పంపాల్నా? తర్వాత లొల్లి ఎందుకని అందరికీ ముందే చూపెడుత."

వీడియో వచ్చింది. అక్క కొడుకు దాన్ని పెట్టి అన్నకిచ్చాడు. అన్న చెవి దగ్గర పెట్టుకుని, పాత మెకానిక్కులా తల ఊపుతూ విన్నాడు. "జర మొద్దుగున్నది గని ఆగకుంట నడుస్తున్నది" అన్నాడు. కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. చూస్తుండగానే గురక మొదలైంది.

"గా రూము ఆయనకే రాయుండ్రి" అంది వదిన గబగబా. "నన్ను పిల్లల తోటి బాల్కనీల ఎయ్యుండ్రి. సప్పుడు లేని నిద్ర ఎట్లుంటదో పెండ్లైనంక నేను సూడలే." పిల్లలిద్దరూ, అత్తమ్మ అయితే ఓకే అన్నారు.

అన్న లేస్తాడేమోనని నేను గొంతు తగ్గించి మిగతా వివరాలు మాట్లాడుతున్నాను. అక్క కొడుకు నవ్వాడు. "గట్టిగ మాట్లాడు చిన్నమ్మా. మెల్లగ మాట్లాడితె మామ లేస్తడు." అంతలో వీడియో అయిపోయింది. అన్న ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది, కరెంటు వోయిందా?"

ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. సాయంత్రం అన్న బస్సు కోసం చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే వెళ్లాను.

"అన్నా, వచ్చే శనివారం మా ఇంటికి రా. పండుకునే గది పక్కన్నే వాషింగ్ మిషనున్నది. పాతది, మస్తు మోగుతది."

అన్న రెండో చెప్పు తొడుక్కోకుండానే అడిగాడు. "ఎంత సేపు తిరుగుతది చెల్లె?"

"నీకు నిద్ర పట్టేదాక బట్టలేస్త, రా."

అన్న వచ్చాడు. ఆ శనివారం రాత్రి మా ఇంట్లో ఉతికిన దుప్పట్లనే మూడుసార్లు ఉతికాను.