మావ గుమ్మంలో బొండాలు

ఉద్దానంలో మా ఊరి పండగంటే, డప్పులతో, అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకున్న మనిషి ఇంటింటికీ రావాలి. ఇంటివాళ్లు గుమ్మంలో అతని కాళ్లు కడిగి మొక్కాలి. ఒక ఏడు మా మావ మొక్కలేదు. బొండాం కొట్టి ఆ మనిషికే అందించాడు.

"ఎండన పడి వొచ్చినావు, తాగు బావూ."

ఊరు మండిపడింది. మరుసటేడు నుంచీ డప్పులు మావ వీధి మలుపు దాకా వచ్చి పక్కకి తిరిగిపోయేవి. పలకరించేవాళ్లూ తగ్గిపోయారు. అయినా ఏటా పండగనాడు ఆయన బొండాలు దింపించి, కత్తి పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు.

"ఎవులూ రారు కదా మావా, ఇవెందుకు?" అన్నానోసారి విసుగ్గా.

"నాను మొక్కనన్నాను అల్లుడా. దాహానికి ఇవ్వనన్నానేటి?"

చూపు మలుపు మీదే ఉంది. పొద్దు వాలాక ఒక బొండాం తనే కొట్టుకుని తాగాడు.

నిరుడు మావ పోయాడు. ఈ పండక్కి ఆ గుమ్మంలో బొండాలతో నేను కూర్చున్నాను. డప్పులు మలుపులో మళ్లీ తిరిగిపోయాయి. ఒళ్లు మండి, పరిగెత్తుకెళ్లి, కొత్తగా ఘటం ఎత్తుకున్న కుర్రాణ్ణి నిలదీశాను.

"మావ లేడు కదా, ఇంకా రారేటి?"

అతను తెల్లబోయాడు.

"మావకీ దీనికీ ఏటి సమ్మందం బావా? ఘటం అటెల్లదు. మనూరి ఆచారమది."