కెజియా ఇచ్చిన మంచి పన్ను

కెజియా ఓర్మరాడ్ నోట్లో ముప్ఫై రెండు పళ్ళూ గట్టివే. అందులో ఒకటి ఆమె తన పగ కోసం ఖర్చు పెట్టింది. ఆ పన్ను ఊడిన రోజు నేను ఆమెకు పదడుగుల దూరంలో పెద్ద బాకా ఊదుతున్నాను. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదువుకున్నవాణ్ణి కాబట్టి అబద్ధం ఏ పాళ్ళలో కలపాలో నాకు తెలుసు. ఇందులో పెద్దగా కలపలేదు.

మా ఎల్లర్‌క్లఫ్‌లో ఆడవాళ్ళు చాలామందికి నేతమిల్లులోనే పని. ఒక్క గదిలో ఆరువందల మగ్గాలు. ఆ మోతలో పిడుగు పడినా పక్కవాళ్ళకు వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు, పెదవులతోనే మాట్లాడుకుంటారు. చర్చిలో ఫాదరు ప్రార్థన మధ్యలో ‘ఇంకెంతసేపురా దేవుడా’ అని తనలో తాను గొణుక్కుంటే, వెనక బెంచీల్లో నలభైమంది నేతగత్తెలు తలలు వంచుకుని నవ్వేవారు. వాళ్ళందరిలో కెజియా చూపు మరీ వాడి. వీధి ఆ చివర మాట్లాడితే ఈ చివర చదివేసేది.

ఆమె భర్త అబ్సలోం బండి తోలేవాడు. యాభై దాటేసరికి మోకాళ్ళలో వాతం చేరి రెండు కర్రల మీదికి వచ్చాడు. ఊళ్ళో జబ్బు సంఘం ఒకటుండేది. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ వారం వారం చందా కడితే, మంచాన పడ్డాక వారం వారం సాయం అందేది. చనిపోతే సభ్యులంతా నల్ల చేతితొడుగులు వేసుకుని శవపేటిక వెంట నడిచేవారు. ఆ సంఘానికి పెద్ద జేబెజ్ హోల్‌రాయిడ్. టీపొడి, చక్కెర అమ్మే షాపు ఆయనది. షాపులోని పీపాకూ ఆయనకూ తేడా టోపీ ఒక్కటే.

ఒక మే నెలలో డాక్టర్ లియాండర్ ప్రెంటిస్ ఊళ్ళోకి దిగాడు. బంగారు రంగు బండి, నాలుగు తెల్ల గుర్రాలు, ఈకల టోపీ. ఆయన మీసాలకు పూసే మైనంతో రెండు కొవ్వొత్తులు పోయొచ్చు. ‘ప్రెయిరీ తైలం’ అని సీసా ఒక షిల్లింగుకు అమ్మేవాడు. ఏ ఊరికి వెళితే ఆ ఊరి బ్యాండునే కూలికి పిలిచేవాడు. ముందు జనం పళ్ళు ఉచితంగా పీకేవాడు. కుర్చీలో కూర్చున్నవాడి నోటి ముందు పటకారు పట్టుకుని, రెండో చేత్తో టోపీ ఎత్తగానే మేం ప్రాణాలు పెట్టి వాయించాలి. అరుపు మా వాద్యంలో కలిసిపోయేది. నొప్పి లేకుండా పన్ను ఊడిందని జనం నోళ్ళు తెరిచేవారు. తైలం అమ్మకం ఆ తరవాత.

అబ్సలోంను తెర వెనక్కి తీసుకెళ్ళి అరగంట మర్దన చేశారు. బయటికి వచ్చినప్పుడు చేతిలో కర్రల్లేవు. మేం వాయిస్తుంటే వేదిక మీద గంతులేశాడు. ఆ సందడిలో ప్రెంటిస్ జనం వైపు నవ్వుతూనే తన మనిషితో ఏదో అన్నాడు. కెజియా ఆ పెదవులు చదివింది.

‘మన రైలు కదిలేదాకా నిలబడితే చాలు.’

“చదివాను గానీ నమ్మలేదు,” అని తరవాత నాతో చెప్పింది. “ఎదురుగా మొగుడు గంతులేస్తుంటే ఏం నమ్ముతాను?”

మూడో రోజుకు మోకాళ్ళు ముల్లంగి దుంపల్లా వాచి మనిషి మంచం దిగలేకపోయాడు. ఈలోగా గోడల నిండా కాగితాలు అంటుకున్నాయి. కర్రలు విసిరేసి గంతులేస్తున్న మనిషి బొమ్మ, కింద ‘ఎల్లర్‌క్లఫ్ బండివాడు అబ్సలోం ఓర్మరాడ్, పూర్తిగా నయమైంది’ అన్న అచ్చు. హోల్‌రాయిడ్ ఒక కాగితం పీకి చేత్తో పట్టుకుని వాళ్ళింటికి వచ్చాడు.

“ఇదేంటయ్యా అబ్సలోం? నయమైందని అచ్చేశారు. మంచమ్మీద పడుకున్నావేం?”

“నేను రాయలేదు దొరా. నాకు సంతకమే రాదు.”

“గంతులేశావా లేదా? ఊరంతా చూసింది.”

“వేశాను. వాళ్ళేదో తాగించారు.”

“తాగి గంతులేసేవాడికి సంఘం డబ్బెందుకు?”

“కాస్త ఆ మోకాళ్ళ వంక చూడండి,” అంది కెజియా.

“అచ్చులో ఉన్నది చూశానమ్మా. చాలు.”

సాయం ఆగిపోయింది. అంతకంటే చెడ్డదేమిటంటే, ఊళ్ళో అబ్సలోంకు ‘దొంగ రోగి’ అని పేరు పడింది. మిల్లు గేటు దగ్గర పిల్లలు కుంటుతూ నడిచి, ఉన్నట్టుండి గంతులేసి చూపించేవారు. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. నల్ల తొడుగు వేసుకున్న చెయ్యి ఒక్కటి కూడా పేటిక వెంట రాలేదు.

కెజియా ఏడవలేదు. పోలీసు సార్జెంటు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు తాను చదివిన మాట చెప్పింది. “పెదవులు చూశానంటే కోర్టు నవ్వుతుందమ్మా,” అన్నాడాయన.

“ఒక్కదాన్ని చూశానంటే నవ్వుతుంది. మూడువందల మంది చూస్తే?” అని వచ్చేసింది.

మళ్ళీ మే నెల వచ్చింది. ప్రెంటిస్ బండి వస్తోందని తెలియగానే కెజియా మగ్గం దగ్గర నిలబడి పక్కదానికి పెదవులతో ఒక మాట చెప్పింది. భోజనాల గంట కొట్టేలోపు ఆ గదిలో అందరికీ అందింది. సాయంత్రం మా బ్యాండు గదికి వచ్చింది.

“రేపు మీరు ఎన్నడూ వాయించనంత గట్టిగా వాయించాలి. ఆపకూడదు.”

“ఏ పాట కావాలి పిన్నీ?” అన్నాను.

“పాటెవడికి కావాలిరా? మోత కావాలి. మోత ఎంత ఉంటే అతగాడికి అంత ధైర్యం.”

మర్నాడు సంతవీధిలో ముందు వరసలన్నీ శాలువాలు కప్పుకున్న నేతగత్తెలే. కెజియా మెట్లెక్కి కుర్చీలో కూర్చుంది. ప్రెంటిస్ టోపీ ఎత్తాడు. మేం ఊదితే చేపల కొట్లో చచ్చిన చేపలు కళ్ళు మూసుకున్నాయి.

ఆమె అతని మణికట్టు పట్టుకుని, చెవిలో నోరు పెట్టి అరిచింది. “డాక్టరు గారూ, నిరుడు గంతులేసిన అబ్సలోం పెళ్ళాన్ని నేను!”

అతను జనం మీద నుంచి చూపు తిప్పలేదు, నవ్వు చెరపలేదు. ఆ మోతలో వినపడాలని ఒక్కో మాటా నోరంతా తెరిచి అన్నాడు. “ఆ మోకాళ్ళ ముసలాడా? బతికే ఉన్నాడా?”

“నిజంగా నయం చేశారా?”

“బ్రాందీలో నల్లమందు కలిపి పోస్తే శవమైనా గంతులేస్తుంది!”

“మరి తైలంలో ఏముంది?”

“చేపనూనె, టర్పెంటైను! ఈ ఊరి గాడిదలకు అది చాలు. నోరు తెరు!”

తెరిచింది. పుచ్చు పన్ను కనపడక అతను క్షణం తటపటాయించాడు. కానీ టోపీ ఎత్తేశాడు, జనం చూస్తున్నారు. చేతికి దొరికిన దవడ పన్ను పట్టుకుని లాగాడు. మేం పక్కనే ఉండి చూశాం. ఆమె అరవలేదు.

బ్యాండ్‌మాస్టరు చెయ్యి దించాడు, మేం ఆపేశాం. చప్పట్లు లేవు. ప్రెంటిస్ సీసా పైకెత్తి, “ఎవరికి కావాలి?” అన్నాడు.

ముందు వరసలోంచి టాబిథా అనే నేతగత్తె అడిగింది. “గాడిదలకైతే ఎంతకిస్తావు నాయనా?”

అతని నవ్వు సగంలో ఆగింది.

“నల్లమందు వేరేగా కొనాలా, బ్రాందీలో కలిపే ఇస్తారా?” అంది ఇంకొకత్తె.

“శవాలకు చెంచాడా, రెండు చెంచాలా?”

ప్రెంటిస్ మా వైపు చూశాడు, మాలో ఎవడో చెప్పేశాడనుకున్నాడు. గుర్రాల కళ్ళేలు అప్పటికే ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. కెజియా శాలువా అంచుతో మూతి తుడుచుకుని అతని ముందు నిలబడింది.

“మూడువందల మందిమి నీ పెదవులు చదివాం. చదవడం రానివాళ్ళు వెనకున్నారు. వాళ్ళ కోసం వాద్యం లేకుండా చెప్పు. నా మొగుడికి నయమైందా?”

“అమ్మా, వ్యాపారం...”

“నయమైందా?”

“లేదు.”

“మరి అచ్చేసిందేంటి?”

“అబద్ధం.”

“గట్టిగా. టీపొడి షాపాయన మరీ వెనకున్నాడు.”

“అబద్ధం!” అని ప్రెంటిస్ అరిచిన అరుపు కొండకు తగిలి తిరిగి వచ్చింది. ఆ తరవాత ఆడవాళ్ళు అతని తైలం సీసాలన్నీ అతని మీదే పోసి పంపారు. ఆ చేపనూనె వాసనకు స్టేషన్లో పిల్లులు అతని వెంట రైలెక్కాయని చెబుతారు. అది మాత్రం నేను చూడలేదు.

హోల్‌రాయిడ్ టోపీ తీసి చేత్తో పట్టుకుని కెజియా ఇంటికి వచ్చాడు.

“పొరపాటైపోయింది తల్లీ. ఆదివారం సంఘమంతా తొడుగులేసుకుని అబ్సలోం పేరున నడుస్తాం.”

“నడవండి. దారి నేను చూపిస్తాను.”

ఆదివారం నలభైమంది సభ్యులు బిగుతు బూట్లతో, నల్ల తొడుగులతో ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. వెనక మా బ్యాండు. శ్మశానం వీధి చివరే, రెండు వందల అడుగులు. కెజియా అటు తిరగలేదు. కొండదారి పట్టింది.

“ఎక్కడికమ్మా?” అన్నాడు హోల్‌రాయిడ్.

“కొండ మీది సత్రానికి, మీ సంఘం గదికి. మోకాళ్ళు కమిటీకి చూపిస్తే సాయం సంగతి ఆలోచిస్తామని మీరు రమ్మంటే, ఆయన పదకొండు శుక్రవారాలు రెండు కర్రల మీద ఎక్కిన దారి. ఎక్కిన ప్రతిసారీ కమిటీ రాలేదన్నారు. పై దాకా వెళ్ళి, తిరిగొచ్చి, అప్పుడు శ్మశానానికి పోదాం.”

వాన మొదలైంది. మొదటి మలుపుకు మాటలు ఆగాయి. మూడో మలుపు దగ్గర హోల్‌రాయిడ్ దారి పక్క రాతిగోడ మీద కూలబడి రెండు చేతులతో కాళ్ళు పట్టుకున్నాడు.

“ఒక్క నిమిషం కూర్చోనీ తల్లీ. మోకాళ్ళు పట్టేశాయి.”

కెజియా వెనక్కి వచ్చి ఆయన ముందు నిలబడింది. వాచిన దవడతో మాట సరిగా రాక మెల్లగా అంది.

“మీకేం జబ్బు లేదు హోల్‌రాయిడ్ గారూ. ఇందాకటిదాకా నడిచారుగా, ఊరంతా చూసింది. లేవండి.”

ఆయన లేచాడు.